ఫ్రీ బస్సా, సీజన్ పాసా? అనంతపురం–ధర్మవరం అప్ అండ్ డౌన్, నెల రోజుల తర్వాత రివ్యూ

నమస్తే అప్పా అందరికీ! ఫోన్ రివ్యూ అనుకోని వచ్చినోళ్ళుంటే సారీ, ఈరోజు రైల్వే సీజన్ పాస్‌కి రివ్యూ. నేను ధర్మవరంలో పట్టుచీరల షాపులో పని, అనంతపురం నుంచి డైలీ బైక్ మీదే పోతాంటి, పెట్రోల్ కొట్టించీ కొట్టించీ జీతంలో ఏం మిగలట్లేదని ఒక నెల బండి ఇంట్లో పెట్టేసి ట్రైన్ ఎక్కినా.

రేటు సంగతి సూడండి. సెకండ్ క్లాస్ నెల పాస్ అంటే సుమారు 15 సార్లు ఒకవైపు టికెట్ కొన్నంత, మనం పోను రాను కలిపి నెలకి 50 సార్లు తిరుగుతాం, ఇంక లెక్క మీరే వేసుకోండి. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, కౌంటర్లో తీసుకోవచ్చు, రైల్‌వన్ యాప్‌లోనూ వస్తాది. ఐడీ కార్డు జేబులో ఉండాల. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే పైన సప్లిమెంట్ కట్టాల, రిజర్వేషన్ బోగీ జోలికి మాత్రం పోవద్దు. నా ముందరే ఒకాయన పాస్ ఉంది కదా అని స్లీపర్‌లో కాళ్ళు చాపుకోని కూర్చున్నాడు, టీసీ వచ్చినాక ఆయన మొహం సూడాల మీరు!

ఇంక బస్సు. మా అక్క రోజూ తాడిపత్రికి పోతాది, 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడోళ్ళకి ఫ్రీ బస్సు పథకం స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి ఆధార్ చూపిస్తే జీరో టికెట్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండిట్లోనూ. సూపర్ లగ్జరీలో లేదు. బళ్లారిలో మా పిన్నమ్మోళ్ళింటికి పోవాలంటే డబ్బులు కట్టాల్సిందే, రాష్ట్రం దాటే బస్సుల్లో చెల్లదు, అటుపక్క కర్ణాటక శక్తి 2023 జూన్ నుంచే ఉన్నా అది వాళ్ళ ఆడోళ్ళకే. బార్డర్లో ఉండే మన ఖర్మ! నాన్నకి 60 దాటినాయి కాబట్టి 25 శాతం తగ్గిస్తారు. మధ్యలో నాలాంటోళ్ళకి బస్సులో ఫుల్ టికెట్టే.

అసలు దెబ్బ తగిలింది ఎక్కడో తెలుసా? ఆటో దగ్గర. ఇంటి నుంచి స్టేషన్‌కి ఒక షేర్ ఆటో, దిగినాక షాపుకి ఇంకోటి, సాయంత్రం మళ్ళీ రెండు, రోజుకి 80 రూపాయలు. నెలాఖర్లో రాసుకున్న బుక్కు తీసి సూస్తే పాస్ డబ్బులు ఒక మూలకి కూడా రాలా, మొత్తం ఆటోలకే పోయింది. అక్కది కూడా అదే కథ, బస్సు ఫ్రీ, బస్టాండ్ దాకా పోయేకి మాత్రం ఆటోకి ఇయ్యాల్సిందే. టికెట్ రేటు తగ్గించడం శానా మంచిదే, కాదనను, కానీ ట్రైన్ వచ్చే టైముకి స్టేషన్ బయట ఒక టౌన్ బస్సు నిలబెడితే మాకు ఇంకా ఎక్కువ మిగులుతాది అప్పా.

అందుకే మా మామ దగ్గర మూలన పడున్న పాత సైకిల్ తెచ్చి ధర్మవరం స్టేషన్ స్టాండ్‌లో పెట్టినా, రెండు ఆటోలు తప్పినాయి. రేపు పాస్ అయిపోతాది, మళ్ళీ తీసుకుంటాండ. బండి మాత్రం అమ్మడంలా, పెళ్ళిళ్ళ సీజన్‌లో షాపు మూసేసరికి రాత్రి ఎంతవుతాదో మా ఓనర్‌కే తెలీదు.