కార్తూస్ సాబ్

శ్రోతలకు నమస్కారం.

ఇయాన్ కార్డోజో అనే పేరు గూర్ఖా జవాన్లకు నోరు తిరగలేదు. అందుకే 'కార్తూస్ సాబ్' అని పిలుచుకున్నారు. కార్తూస్ అంటే తూటా. ఆయన మేజర్ జనరల్ అయినా ఆ పేరు మాత్రం వదల్లేదు.

1937లో బొంబాయిలో పుట్టారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో బంగారు, వెండి పతకాలు రెండూ తెచ్చుకున్న మొదటి కేడెట్ ఆయనే. 1971 యుద్ధం నాటికి వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో చదువుతున్న మేజర్. ఆయన పల్టన్, అంటే ఐదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్, అప్పటికే తూర్పున పోరాడుతోంది. అందులో సెకండ్ ఇన్ కమాండ్, అంటే కమాండర్ తర్వాతి అధికారి, చనిపోవడంతో ఆ స్థానంలోకి ఈయనను పంపారు.

డిసెంబరు 7న ఆ పల్టన్‌ను హెలికాప్టర్లలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ దగ్గర దింపడం మొదలుపెట్టారు. ఇక్కడ రేడియో చేసిన చమత్కారం ఒకటుంది. దిగింది ఒక్క బెటాలియనే అయినా, బ్రిగేడ్ దిగిందని బీబీసీ చెప్పేసింది. బ్రిగేడ్ అంటే మామూలుగా మూడు బెటాలియన్లు. ఆ వార్త పాకిస్తాన్ వాళ్లూ విన్నారు, మనవాళ్లూ విన్నారు. ఇంకేం, జవాన్లను దూరదూరంగా పరిచి బ్రిగేడ్ ఉన్నట్టే నడిపించారు. చివరికి సిల్హెట్‌లో ముగ్గురు బ్రిగేడియర్లతో సహా వేలమంది లొంగిపోయారు. అన్నట్టు, అక్కడ పోరాడిన మన డివిజన్‌కు కమాండర్ తెలుగాయనే. 1981లో సైన్యాధిపతి అయిన కె.వి. కృష్ణారావు గారు.

యుద్ధం ముగుస్తున్న రోజుల్లో కార్డోజో కాలు మందుపాతర మీద పడింది. మార్ఫిన్ లేదు, కోయడానికి సర్జరీ పరికరాలూ లేవు. నుజ్జయిన కాలిని నరకమని సహాయకుడికి చెబితే, నా వల్ల కాదు సాబ్ అన్నాడట. ఆయనే ఖుక్రీ, అంటే గూర్ఖాల వంపు కత్తి, తీసుకుని నరుక్కున్నారు. తెగిన కాలిని పాతిపెట్టమన్నారు. తర్వాత ఆపరేషన్ చేసింది బందీగా చిక్కిన పాకిస్తాన్ సర్జన్, మేజర్ మహమ్మద్ బషీర్.

ఎవరు చెప్పినా కథ ఇక్కడే ఆపేస్తారు. నన్నడిగితే అసలు కష్టం ఆ తర్వాతే. ఖుక్రీ వేటు ఒక్క క్షణం పని. చెక్క కాలితో ఆఫీసుల చుట్టూ తిరిగి, నాకు బెటాలియన్ ఇవ్వండి అని అడగడం ఏళ్ల తరబడి పని. డెస్కు ఉద్యోగం చేసుకోవచ్చుగా అన్నవాళ్లున్నారు. ఆయన రెండు కాళ్లున్న ఆఫీసర్లతో పాటు ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడి, వాళ్లలో కొందరిని వెనకేశారు కూడా. అప్పటి సైన్యాధిపతి జనరల్ రైనా లద్దాఖ్ కొండల్లో ఆయన నడక కళ్లారా చూశాక గానీ దారి తెరుచుకోలేదు.

అలా ఆయన మొదట బెటాలియన్‌కు, తర్వాత బ్రిగేడ్‌కు కమాండర్ అయ్యారు. అంగవైకల్యం ఉన్న అధికారికి ఆ బాధ్యతలు దక్కడం మన సైన్యంలో అదే మొదలు. 1993లో రిటైరయ్యాక వికలాంగుల కోసం పనిచేశారు, భారత పునరావాస మండలికి అధ్యక్షుడిగానూ ఉన్నారు. కృత్రిమ కాలితోనే మారథాన్‌లకూ వెళ్లారు.

నమస్కారం.