పుల్లల కెటిల్: సంచి బరువు నిజంగా తగ్గుతుందా? కళింగపట్నం గాలిలో రివ్యూ

నమస్కారమండీ. వెనక వినబడుతున్న హోరు మైకు తప్పు కాదు, సముద్రపు గాలి. కళింగపట్నం తీరానికి కావాలనే వచ్చాను. గాలి లేని పెరట్లో ఏ పొయ్యైనా బుద్ధిగా మండుతుంది, దానికి రివ్యూ ఎందుకు? ఈ కెటిల్ అమ్మేవాళ్ళు రెండు మాటలు చెప్తున్నారు. గాలిలోనూ మండుతుందని ఒకటి, దారిలో ఏరిన పుల్లలతోనే నీళ్ళు మరుగుతాయి, ట్రెక్‌కి గ్యాస్ మొయ్యక్కర్లేదు కాబట్టి సంచి తేలికవుతుందని రెండోది. మొదటిది ఇప్పుడే ఇక్కడే చూసేద్దాం. రెండోదాని మీద నాకు పేచీ ఉంది, అది తర్వాత.

ఇదిగో వస్తువు. రెండు ముక్కలు. కింద ఈ చిన్న గిన్నె నిప్పు కోసం, దీనికి పక్కన ఒక కన్నం ఉంది. పైన ఇది నీళ్ళ భాగం. తిరగేసి చూపిస్తాను, కొంచెం దగ్గరగా చూడండి. మధ్యలో అడుగు నుంచి మూతి దాకా ఖాళీ గొట్టం. ఇటు నుంచి చూస్తే అటు ఆకాశం కనబడుతోంది కదా? నీళ్ళు ఈ గొట్టంలో ఉండవు, దాని చుట్టూ రెండు గోడల మధ్య ఉంటాయి. మంట గొట్టంలోంచి పైకి పోతుంది.

మీకు ఇది ఎక్కడో చూసినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. గీజర్లు రాకముందు పెరట్లో స్నానాలకి రాగి బాయిలర్ ఉండేది చూశారా, పైనుంచి కొబ్బరి డొక్కలు వేసేవాళ్ళు, అచ్చం ఆ కిటుకే. మా మావయ్య దీన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఏట్రా, బాయిలర్‌కి పిల్ల పుట్టిందేటి?" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

బయటి దేశాల్లో కూడా ఇది కొత్తదేం కాదు. ఐర్లండ్‌లో మేయో అనే కౌంటీలో చేపలు పట్టేవాళ్ళు 1890ల నాటి నుంచి ఇలాంటి కెటిల్ వాడుతున్నారు. కెల్లీ కెటిల్ అని ఇప్పుడు అమ్మేది ఆ వంశమే. న్యూజీలాండ్‌లో జాన్ హార్ట్ అనే ఆయన 1929లో థర్మెట్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశపు సైనికులు ఉత్తరాఫ్రికా ఎడారిలో టీకి దాన్నే నమ్ముకున్నారు. నా చేతిలో ఉన్నది ఆ కంపెనీలవేవీ కాదు. ఆన్‌లైన్‌లో దొరికే మామూలు అల్యూమినియం రకం, అర లీటరు పైచిలుకు పడుతుంది.

సరే, వెలిగిద్దాం. నీళ్ళు ముందు. ఎప్పుడూ నీళ్ళే ముందు, ఈ మాట ఇంకోసారి చెప్తాను, విసుక్కోకండి. మెడ దాకా నింపొద్దు, రెండు వేళ్ళు తగ్గించండి, లేకపోతే మరిగేటప్పుడు బయటికి చిమ్ముతుంది. ఇంకో చిన్న చికాకు కూడా ఇక్కడే ఉంది. మూతి సన్నం. కుళాయి కింద అయితే బాగానే నిండుతుంది. గెడ్డలో, అదీ వేసవిలో చీలమండ లోతు పారే గెడ్డలో, దీన్ని ముంచితే సగం కూడా నిండదు. ఒక గ్లాసు దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఇక పుల్లలు. తీరంలో మనకి దేవుడిచ్చిన వంటచెరకు సరుగుడు. కింద రాలిన ఎండాకు ఒక గుప్పెడు, సరుగుడు కాయలు కొన్ని, పైన ఈ పుల్లలు. చిటికెన వేలి కంటే లావుది వద్దు. లావు కట్టె వేస్తే గొట్టం మూసుకుపోయి పొగ తప్ప మంట రాదు. కన్నాన్ని గాలి వచ్చే వైపు తిప్పాను. అగ్గిపుల్ల... ఆరింది. ఇంకోటి... అదీ ఆరింది. ఇందుకే జేబులో కర్పూరం బిళ్ళ ఉంటుంది. ఇదిగో, అంటుకుంది. ఇప్పుడు పై భాగం పెట్టేస్తున్నాను.

ముందు తెల్లటి పొగ వస్తుంది, కంగారు పడకండి. ఇప్పుడు వినండి. మైకు దగ్గర పెడతాను. ఆ 'భుగ భుగ' శబ్దం వినబడుతోందా? గొట్టం వేడెక్కింది. వేడిగాలి పైకి పోతోంది, ఆ ఖాళీలోకి కింది కన్నంలోంచి కొత్త గాలి వస్తోంది. బయట గాలి ఎంత వీస్తే ఇది అంత ఎగదోస్తుంది. మామూలు గిన్నె కింద మంట పెడితే ఈ గాలికి మంట పక్కకి వాలిపోయి వేడంతా సముద్రానికి పోతుంది. ఇక్కడ మంట చుట్టూ నీళ్ళే ఉన్నాయి, పక్కకి పోయే దారే లేదు.

పైనుంచి పుల్లలు ఒక్కొక్కటీ వేస్తున్నాను. మొహం పక్కకి పెట్టి వెయ్యండి. గొట్టంలోకి తొంగి చూడాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. మంట జానెడు పైకి లేస్తుంది, కనుబొమ్మలు కాలతాయి. ఇదిగో, మూతి దగ్గర చుక్కలు చిమ్ముతున్నాయి. మరిగింది. ఐదు నిమిషాల లోపే. ఈ గాలిలో! మొదటి మాట నిజమే, ఒప్పుకుంటున్నాను.

వేసిన పుల్లలు ఎన్నో చూశారుగా, ఒక పెద్ద గుప్పెడు. లెక్క కూడా అలాగే వస్తుంది. అర లీటరు నీళ్ళని 25 డిగ్రీల నుంచి 100కి తేవాలంటే దాదాపు 157 కిలోజౌళ్ళ వేడి కావాలి. బాగా ఎండిన కట్టె గ్రాముకి సుమారు 16 కిలోజౌళ్ళిస్తుంది. అందులో మూడో వంతే నీళ్ళకి చేరిందనుకున్నా 30 గ్రాముల పుల్లలు చాలు. పచ్చివి, తడివి అయితే ఈ లెక్క గోవిందా.

ఇప్పుడు నా పేచీ. సంచి తేలికవుతుందా?

ఇంట్లో కాటా మీద పెట్టాను. గిన్నె, మూత, సంచీ అన్నీ కలిపి ముప్పావు కిలోకి దగ్గరగా ఉంది. దీని పోటీదారు ఏమిటి? చిన్న గ్యాస్ క్యానిస్టర్. లోపల 100 గ్రాముల గ్యాస్ ఉండేది, డబ్బాతో కలిపి 200 గ్రాములు తూగుతుంది. పైన బిగించే బర్నర్, ఒక పల్చటి గిన్నె కలిపినా అంతా నాలుగొందల గ్రాముల చుట్టుపక్కలే. అర లీటరు మరిగించడానికి ఏడెనిమిది గ్రాముల గ్యాస్ పోతుంది, గాలి ఉంటే ఇంకొంచెం. అంటే ఇద్దరు మనుషులకి రెండు రోజుల టీ నీళ్ళు, తాగే నీళ్ళు ఆ చిన్న డబ్బాలో వెళ్ళిపోతాయి. మరి ముప్పావు కిలో మోసి నేను మిగిల్చిందేమిటి? ఏమీ లేదు, పైపెచ్చు మోత ఎక్కువైంది.

మూడు నాలుగు రోజులు దాటితే, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే, అప్పుడు లెక్క తిరగబడుతుంది. రెండో డబ్బా, మూడో డబ్బా మొయ్యాలి కాబట్టి. మనలో ఎంతమంది నాలుగు రోజులు నడిచే ట్రెక్‌లు చేస్తున్నాం చెప్పండి? తాటిపూడి వైపు పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేసేవాళ్ళకి, మందస నుంచి మహేంద్రగిరి ఎక్కి ఒక రాత్రి ఉండి దిగేవాళ్ళకి 'తేలిక' అనే మాట వర్తించదు. హిమాలయాలకి వెళ్ళేవాళ్ళు ఆశ పడతారు, గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు కాబట్టి. నిజమే గానీ, చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక పుల్లలు ఎక్కడివి? లద్దాఖ్‌లో దీన్ని అలంకారానికి పెట్టుకోవాలి.

మహేంద్రగిరి మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఆ శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, 1501 మీటర్లు. శివరాత్రికి మన వైపు నుంచి జనం బాగా వెళ్తారు. సరిగ్గా ఆ రోజుల నుంచే కొండ మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ గొట్టం పైనుంచి రవ్వలు ఎగురుతాయి, ఇందాక చూశారు కదా. మన రాష్ట్రంలో 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజెయ్యడం నేరం. 'చిన్న కెటిలే కదండీ' అంటే బీట్ ఆఫీసరు వినడు, వినకూడదు కూడా. కాబట్టి అడవిలో దీన్ని తియ్యొద్దు. ఇసుక, రాతి బండ, ఏటి ఒడ్డు, సొంత తోట, ఇవీ దీని చోట్లు. అయిపోయాక గిన్నెలో నిప్పుల మీద నీళ్ళు పోసి, వేలు పెట్టి చూసి, అప్పుడు కదలండి.

ఇక మనవాళ్ళకి అసలు ప్రశ్న. టీ ఎలా? మనకి టీ అంటే పాలు, పంచదార, ఆకు, అల్లం అన్నీ కలిసి మరగాలి. ఇందులో ఆ పప్పులు ఉడకవు. పాలు పోశారంటే లోపలి గోడకి మాడి అంటుకుంటాయి, ఆ సందులోకి చెయ్యి పట్టదు, పీచు పట్టదు. జన్మలో వదలదు. నీళ్ళు మాత్రమే పొయ్యండి. నేనైతే ఫ్లాస్కులో ఆకు, దంచిన అల్లం వేసి పైనుంచి సలసల కాగే నీళ్ళు పోసి మూత పెడతాను. పాలపొడి కప్పులో. మా అమ్మ దీన్ని టీ అని ఒప్పుకోదు, అది వేరే సంగతి.

తిండికైతే అటుకులు బంగారం, వేడినీళ్ళు చల్లితే చాలు. చోడి అంబలి కుదరదు. చోడిపిండి మంట మీద ఉడకాలి, వేడినీళ్ళు కలిపితే పచ్చివాసన పోదు. గొట్టం పైన గిన్నె పెట్టుకునే స్టాండు కూడా ఇచ్చారు. పెట్టి చూశాను. గిన్నె ఊగుతుంది, అడుగంతా మసి, పుల్లలు వెయ్యాలంటే ప్రతిసారీ గిన్నె దించాలి. స్టాండు ఇంట్లో వదిలెయ్యండి.

గెడ్డ నీళ్ళు మరిగించి తాగేవాళ్ళకి ఒక మాట. చుక్కలు చిమ్మగానే దించెయ్యకండి, ఇంకో నిమిషం పూర్తిగా మరగనివ్వండి. మన కొండల ఎత్తులో ఆ నిమిషం క్రిములకి చాలు. మహేంద్రగిరి మీద నీళ్ళు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి, అయినా పర్వాలేదు. బురద ఉంటే ముందే గుడ్డలో వడకట్టండి. నీళ్ళలో కరిగిన లవణాలు మాత్రం ఎంత మరిగించినా పోవు, ఉప్పగా ఉన్న బావి నీళ్ళు ఉప్పగానే ఉంటాయి.

పలాస, మందస వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. జీడిపిక్కల తొక్కలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, భగ్గున మండుతాయి, చెయ్యి అటే పోతుంది. వెయ్యొద్దు. ఆ తొక్కలో ఉన్న జీడి నూనె చర్మం మీద పడితే పొక్కుతుంది, ఆ పొగ కళ్ళనీ గొంతునీ మండిస్తుంది. జీడిమామిడి ఎండు కొమ్మలు వేసుకోండి, హాయిగా మండుతాయి. రెండు కణుపుల మధ్య మూసుకున్న వెదురు ముక్క కూడా వద్దు, పేలుతుంది. వానాకాలంలో అయితే కొబ్బరి పీచు, ఎండు పుల్లలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇంటి నుంచే తెచ్చుకోవాలి. అప్పుడు ఇంధనం మొయ్యక్కర్లేదన్న మాట కూడా పోయింది.

ఇప్పుడు సీరియస్‌గా వినండి. ఇదిగో ఈ బిరడా. కెటిల్‌తో పాటు గొలుసుకి వేలాడుతూ వస్తుంది. ఇది దారిలో నీళ్ళు ఒలక్కుండా పెట్టుకోడానికే. మంట మీద ఉన్నప్పుడు ఇది మూతికి ఉండకూడదు. ఆవిరికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి బిరడా తూటాలా లేస్తుంది, వెనకే సలసల కాగే నీళ్ళు మొహం మీదికి వస్తాయి. పిల్లలు ఉంటే బిరడా తీసి మీ జేబులో వేసుకోండి. దించేటప్పుడు హ్యాండిల్‌ని పక్కకి అడ్డంగా ఉంచి రెండు చేతులతో ఎత్తండి. నిటారుగా పైకి లేపితే మీ వేళ్ళు సరిగ్గా గొట్టం మంట మీద ఉంటాయి. గుడారం లోపల వాడొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నీళ్ళు లేకుండా వెలిగించొద్దు, అతుకులు విడిపోతాయి. చెప్పానుగా, నీళ్ళే ముందు.

స్టీలా, అల్యూమినియమా అంటే, నడిచేవాళ్ళు అల్యూమినియం, బండి మీద వెళ్ళేవాళ్ళు స్టీలు. అల్యూమినియం ఎక్కడ తగిలినా సొట్ట పడుతుంది. ఏదైనా సరే గొట్టం లోపల మసి మాత్రం తప్పదు. అది తోమక్కర్లేదు, విడిగా ఒక గుడ్డ సంచిలో పెట్టండి, లేకపోతే బట్టలన్నీ పొగ వాసన.

మరి కొనాలా? బరువు తగ్గించుకోడానికైతే వద్దు. చిన్న గ్యాస్ బర్నర్ చాలు మీకు. నలుగురు కలిసి తీరానికి, ఏటి ఒడ్డుకి బండ్ల మీద వెళ్ళి కూర్చునే అలవాటు ఉంటే కళ్ళు మూసుకుని కొనండి, గాలికి దీన్ని మించింది నేను చూడలేదు. తుపాను రోజులకి కూడా ఒకటి ఇంట్లో ఉంచుకోవచ్చు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు లేని రోజులు గుర్తున్నవాళ్ళకి ఇండక్షన్ స్టవ్ మీద నమ్మకం తక్కువే. గ్యాస్ బండ నిండుగా ఉన్న ఇంటికి దీని అవసరం రాదు, అదీ నిజమే.

పార్సిల్ రాగానే ఒక పని చెయ్యండి. నిండా నీళ్ళు పోసి, పొడి పేపరు మీద రాత్రంతా నిలబెట్టండి. పొద్దున్న పేపరు మీద ఎక్కడైనా తడి మరక ఉంటే అతుకు కారుతున్నట్టే. వాపసు గడువు దాటకముందే పంపించెయ్యండి, ఎం-సీల్ పూసి సర్దుకుందామని చూడకండి. ఆ మంటకి అది నిలబడదు.