వామనగుంటల్లో మా వీధి

అందరికీ నమస్తే. ఇదిగో, ఇది మా నాన్నమ్మ వామనగుంటల పీట, పద్నాలుగు గుంటలు, పక్కన గిన్నెడు చింతపిక్కలు. ఆట మీకు తెలిసిందే. అవతలివాళ్ల గుంటలు ఖాళీ అవుతుంటే మనకి సంతోషం. ఆ సంతోషాన్ని పుట్టించేది ఆట రూలే, రూలు మారిస్తే అదే మనిషి వేరేలా ఆడతాడని నా నమ్మకం.

అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే ఆవిడ 1904లో 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్'కి పేటెంట్ తీసుకుంది. ఆ ఆటకి రెండు రకాల రూల్స్ పెట్టింది. ఒకదాంట్లో ఒక్కడే భూములన్నీ లాక్కుని మిగతావాళ్లని దివాలా తీయిస్తాడు, ఇంకోదాంట్లో ఎవరు సంపాదించినా అందరికీ వాటా వస్తుంది. 1935 నుంచి ప్రపంచమంతా ఆడుతున్న మోనోపలీలో మిగిలింది మొదటి రకమే. నాకు చాలా బాధనిపించే విషయం ఇది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట దగ్గర. కిడ్నీ జబ్బు మా దగ్గర ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మిషన్ దగ్గరే, రానూపోనూ ఆటో, తోడుగా ఒక మనిషి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే, ఇంటి దగ్గర పిల్లలకి అన్నం ఎవరు పెట్టాలన్న టెన్షన్ వేరే. అందుకే ఈ పీటని మా వీధి అనుకున్నాను. ఒక్కో గుంట ఒక్కో ఇల్లు, పిక్క అంటే ఒక పూట సాయం. డయాలసిస్ ఉన్న గుంటలోంచి ప్రతి రౌండుకీ రెండు పిక్కలు తీసేస్తాం. మధ్యలో తుపాను వస్తుంది, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినట్టు, అప్పుడు అన్ని గుంటల్లోంచీ సగం పోతాయి. ఏ ఒక్క గుంట ఖాళీ అయినా అందరం ఓడిపోయినట్టే.

మొన్న అరుగు మీద ఐదుగురం ఆడాం. మొదటిసారి నాలుగో రౌండులోనే ఓడిపోయాం, ఎందుకంటే తుపాను భయంతో ఎవరి పిక్కలు వాళ్లు దాచుకున్నాం. రెండోసారి ముందే మాట్లాడుకుని పంచుకున్నాం, గట్టెక్కాం.

అప్పుడు డయాలసిస్‌కి వెళ్లే పిన్ని ఒకావిడ పీట వైపు చూసి, "అందరూ నా గుంటలో వేస్తున్నారు గానీ నన్ను ఒక్క పిక్క కూడా వెయ్యనివ్వరేంటి బాబూ? ఇంట్లో ఉన్న రోజు మీ పిల్లల్ని చూసేది నేనే కదా" అంది.

నేను ఆ రూలే రాయలేదు. ఇప్పుడు ఆమె గుంటలోంచి రౌండుకి ఒక పిక్క పక్కింటికి వెళ్తుంది.