బాల్టిక్ తీరం నుంచి వచ్చిన బొచ్చుకుక్క

శ్రోతలందరికీ నమస్కారం.

మా చిన్నప్పుడు మా వీధి చివరి ఇంట్లో స్నోయీ అని ఒక తెల్లటి బొచ్చుకుక్క ఉండేది. ఊరంతా దాన్ని పమేరియన్ అనేవాళ్లం. రోహిణి కార్తె ఎండల్లో అది పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి, తడి గచ్చు మీద నాలుగు కాళ్లూ చాపేసి, పొట్ట నేలకు ఆనించి పడుకునేది. పిలిస్తే తల ఎత్తేది కాదు, తోకతో ఒక్కసారి నేలను కొట్టేది. "ఇంత బొచ్చు దీనికెందుకు పెట్టాడమ్మా దేవుడు!" అని జాలిపడేది మా అమ్మమ్మ.

ఆ బొచ్చు మన ఎండల కోసం పుట్టింది కాదు. ఐరోపాలో బాల్టిక్ సముద్రం ఒడ్డున పొమరేనియా అనే ప్రాంతం ఉంది. ఇప్పుడది కొంత జర్మనీలో, ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది. కుక్క పేరు ఆ ప్రాంతం నుంచే వచ్చింది. కోసు మూతి, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి తిరిగిన తోక ఉండే స్పిట్జ్ కుక్కల కుటుంబం ఇది. వీటి ఒంటి మీద బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన గరుకైన పొడుగు వెంట్రుకలు, లోపల దూదిలాంటి ఒత్తు పొర. మంచు పడే చోట అదే వాటికి రగ్గు.

ఇంగ్లండు రాజు మూడో జార్జి భార్య షార్లెట్ రాణి పుట్టిల్లు పొమరేనియాకు పొరుగు సీమే. 1767లో ఆవిడ ఫీబీ, మెర్క్యురీ అనే రెండు కుక్కల్ని ఇంగ్లండుకు తెప్పించుకుంది. అప్పటి పమేరియన్లు ఒళ్లో పట్టేవి కావు. పదిహేను, ఇరవై కిలోలు తూగేవి. చిత్రకారుడు గెయిన్స్‌బరో వేసిన బొమ్మల్లో చూడండి, దిట్టంగా కనిపిస్తాయి.

వాటిని చిన్నవి చేసింది షార్లెట్ మనవరాలు విక్టోరియా రాణి మోజు. 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లినప్పుడు ఆవిడకు మార్కో అనే బుల్లి కుక్క దొరికింది. బరువు అయిదున్నర కిలోలు. రాణిగారు ముచ్చటపడి చిన్నవాటినే పెంచింది, 1891లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనకూ పంపింది. ఇంకేముంది, అందరికీ బుల్లి కుక్కే కావాల్సి వచ్చింది. పిల్లల్లో చిన్నవాటిని ఏరి, వాటికే జతకట్టిస్తూ పోయారు. ఇప్పటి అసలు పమేరియన్ రెండు, మూడు కిలోలే.

1901 జనవరిలో ఆస్‌బోర్న్ హౌస్ అనే తన భవనంలో విక్టోరియా చివరి ఘడియల్లో ఉంది. తన పమేరియన్ టూరీని తెచ్చి మంచం మీద ఉంచమని అడిగింది. అంత పెద్ద సామ్రాజ్యానికి రాణి, ఆఖరున పక్కన కోరుకున్నది ఆ బుల్లి ప్రాణాన్ని. నాకు ఈ ముచ్చట తలచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

మన ఇళ్లలో చాలామంది పమేరియన్ అనుకున్నది నిజానికి ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతి. కాస్త పెద్దది, మన వాతావరణానికి కొంత అలవాటుపడింది. మా స్నోయీ కూడా అదేనని పెద్దయ్యాక తెలిసింది.

రెండింటిలో ఏది పెంచుకుంటున్నా ఒక మాట వినండి. వేసవిలో బొచ్చు మొత్తం గొరిగించకండి. ఒక్కోసారి మళ్లీ సరిగ్గా రాదు, పైగా ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. దువ్వి, రాలిన బొచ్చు తీసేసి, నీడలో ఉంచితే చాలు. బుల్లి కుక్కల్లో మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోవడం ఎక్కువ. అందుకని మెడకు కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు కట్టండి.

స్నోయీ మెడకు బిగుతైన తోలు బెల్టు ఉండేది. గొలుసు పట్టి లాగినప్పుడల్లా బాతు అరిచినట్టు దగ్గేది. ఆ దగ్గు వినడం కోసమే పిల్లలం పదే పదే లాగేవాళ్లం.