మూడో బీరువా తాళం
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, సర్పంచి గారికి, హైస్కూలు మాస్టార్లకు, టీచరమ్మలకు, పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన పిల్లలకు, మైకు చూసుకుంటున్న అబ్బాయికి, గోడవారగా నిలబడ్డ అమ్మలకు నమస్కారం. ఎవరినైనా మర్చిపోయి ఉంటే వందన సమర్పణలో కలుపుకుంటారని నమ్మకం. మన సభల్లో ఆ సదుపాయం ఒకటుంది.

కరపత్రంలో నాకిచ్చిన అంశం ‘నిరాసక్తతను జయించి తపనతో, ప్రేమతో జీవించడం’. చాలా పెద్ద మాట. దాన్ని నెత్తికెత్తుకునే ఓపిక నాకూ లేదు, ఈ ఎండలో మీకూ లేదు. అందుకని అందరూ ఒక్కసారి ఎడమవైపు చూడండి. నాలుగు అద్దాల బీరువాలున్నాయి. మూడోదానికి తాళం ఉంది. తాళంకప్ప మీద దుమ్ము పేరుకుంది. లోపల పుస్తకాలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఒక్క అట్ట నలగలేదు, ఒక్క మూల మడత పడలేదు. నా బాధంతా ఆ నిగనిగ గురించే. ఇవాళ నేను తాళం గురించే మాట్లాడతాను.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు ఈ వారోత్సవాలు చేస్తాం. దండలు వేస్తాం. దండలు వేయించుకున్నవాళ్లు ఏం చేశారో చూడండి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాన్ని భుజాన వేసుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం వైపు కాలవలో నడిచే పడవల్లోకి పుస్తకాలు ఎక్కించారు. పడవ! పుస్తకం నీళ్లలో పడొచ్చు. తడిస్తే పేజీలు అతుక్కుంటాయి. చదువుతూ చదువుతూ రేవు రాగానే సంచిలో వేసుకుని దిగిపోవచ్చు. తాళం వేసేవాడి లెక్కలో అది పిచ్చిపని. ఆ పిచ్చిపని చేసినవాళ్ల ఫొటోలు ఈ గోడ మీద ఉన్నాయి, ఫొటోల కింద బీరువాకి తాళం ఉంది.

మధ్యయుగాల్లో ఐరోపాలో పుస్తకాలకు గొలుసులు వేసేవారు. ఇంగ్లండులో హెరిఫర్డ్ చర్చిలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. అది విని మనం నవ్వుతాం. కానీ ఆ గొలుసు పొడుగ్గా ఉండేది, పుస్తకాన్ని ముందున్న బల్ల మీదికి దించుకుని చదువుకునేంత పొడుగు. మన అద్దం చూడనిస్తుంది గానీ ముట్టనివ్వదు. ఎవరిని చూసి ఎవరు నవ్వాలి? మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు గ్రంథాలయ సూత్రాలు అచ్చువేశారు. మొదటిదే ‘పుస్తకాలు ఉన్నది వాడుకకు’. దానికి తొంభై ఏళ్లు దాటాయి.

ఇప్పుడు మీరంతా గ్రంథపాలకుడి వైపు చూస్తున్నారు. చూడకండి. ఆయన తప్పు కాదు. ఆయనకు పుస్తకాలంటే ఇష్టం లేక తాళం వేయలేదు. ఆయనది భయం. ఏటా స్టాకు లెక్క చూస్తారు. యాక్సెషన్ రిజిస్టరులో, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసి రాసుకునే పుస్తకంలో, నంబరు ఉండి, బీరువాలో పుస్తకం లేకపోతే జీతంలోంచి కోత పడుతుందని భయం. ఎవరూ చదవలేదని మాత్రం ఎవరూ జీతం కోయరు. ఇంకేం చేస్తాడు? తాళం వేస్తాడు. మొదట భయం, తర్వాత అలవాటు, ఆ తర్వాత ‘మనకెందుకులే’. మీ కరపత్రంలో రాసిన నిరాసక్తత ఇలా తయారవుతుంది. ఇంతకంటే వేదాంతం అక్కర్లేదు.

ఈ భయానికి మందు ఉంది, ఈ ఒక్కటి రాసుకోండి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017. అందులో 215వ నిబంధన. పాఠకులకు ఇచ్చినవీ, అక్కడే కూర్చుని చూసినవీ కలిపి ఏడాదికి ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే అది సహజ నష్టమే. మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు. వెయ్యి రూపాయల పైబడ్డ పుస్తకమూ, అరుదైన పుస్తకమూ పోతే మాత్రం విచారణ తప్పదు. అది కేంద్రం వాళ్ల నిబంధన, మన శాఖా గ్రంథాలయానికి నేరుగా వర్తించదు. తెలుసు. అయినా పుస్తకం పోవడం నేరం కాదని ఢిల్లీలో అచ్చువేసి మరీ చెప్పారు. మన జిల్లా గ్రంథాలయ సంస్థ కూడా ఆ మాట కాగితం మీద పెట్టాలని ఈ సభ ఒక తీర్మానం చేయాలి. అధ్యక్షుల వారు తల ఊపారు, అందరూ చూశారు కదా.

వెయ్యికి అయిదు అన్నప్పుడు వెయ్యి ఎక్కడినుంచి రావాలి? లెక్క ఉండాలి. మన దగ్గర ఇంటికి తీసుకెళ్లినవే రాస్తారు, ఇక్కడ తిరగేసినవి ఎవరూ రాయరు. అందుకే ఈ పని చేయండి. బీరువా పక్కన ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టండి. ‘చూసిన పుస్తకం ఇందులో వేయండి, బీరువాలో మీరు పెట్టకండి’ అని పెద్దక్షరాలతో రాయండి. తాళం తీసిన మొదటి వారం జరిగే గొడవంతా తిరిగి పెట్టడం దగ్గరే. కథల పుస్తకం వెళ్లి లెక్కల పుస్తకాల్లో దూరుతుంది, ఇక అది పోయినట్టే. ట్రే ఉంటే ఆ గొడవ ఉండదు. రాత్రి మూసేముందు ట్రేలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసి, అప్పుడు సర్దాలి. రోజుకు 40 అనుకోండి. నెలకు 25 రోజులు, ఏడాదికి 12,000. అందులో 60 పుస్తకాలు పోయినా ఆ నిబంధన ప్రకారం గ్రంథపాలకుడు తలెత్తుకుని తిరగొచ్చు. అరవై!

ఇంకోటి. బీరువాలో పుస్తకాలు కుక్కకండి. బిగించి పెడితే పైన వేలు పెట్టి లాగుతారు, వెన్ను పైభాగం చిరుగుతుంది. పక్క రెండు పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని తీయాలి. పిల్లలకు ఇది ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, పెద్దవాళ్లకు పదిసార్లు చూపించాలి. వదులుగా పెట్టినా తంటానే, పక్కకు ఒరిగి అట్ట వంకర పోతుంది. అరలో నాలుగో వంతు ఖాళీ ఉంచి, చివర ఒక ఇటుకకి కాగితం చుట్టి ఆనించండి.

సెల్లోటేపు గురించి... సమయం అయిపోతోందని చీటీ వచ్చింది. అయినా సెల్లోటేపు గురించి చెప్పకుండా దిగను. ప్రేమ పేరుతో పుస్తకాన్ని చంపే వస్తువు అది. కొన్నేళ్లకు దాని జిగురు పసుపు రంగుకు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది, టేపు ఊడుతుంది, మరక ఉండిపోతుంది. చిరుగుకు పల్చటి టిష్యూ కాగితం, మైదా జిగురు చాలు. ఒక వంతు మైదా, అయిదు వంతుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉండండి. తెల్లదనం పోయి గంజిలా మెరుపు వచ్చాక దించండి. చల్లారాక పల్చగా రాయండి. ఎక్కువ రాస్తే కాగితం ముడతలు పడుతుంది. పైనా కిందా ప్లాస్టిక్ కాగితం వేసి రాత్రంతా బరువు పెట్టండి. ప్లాస్టిక్ మరిచిపోతే పొద్దునకు మూడు పేజీలు ఒకటై ఉంటాయి. రెండు రోజులకి జిగురు పులుస్తుంది, పారేసి మళ్లీ కాచుకోండి. చెడకుండా ఉంటుందని బైండింగువాళ్లు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు తిరిగే చోట వద్దు.

వేపాకు వేస్తున్నామని ఎవరో అన్నారు. పచ్చి ఆకు వేయకండి. దాని తేమే పుస్తకానికి శత్రువు. తేమ ఉన్నచోటికే పురుగు వస్తుంది, మూసిన బీరువాలో తేమ నిలుస్తుంది. తాళం పుస్తకాన్ని కాపాడుతుందన్న మాట కూడా అబద్ధమే. పుస్తకానికి గాలి కావాలి, నెలకోసారి విప్పి దులిపే చెయ్యి కావాలి.

డబ్బులెక్కడివి అంటారు. మీ ఇంటిపన్ను రసీదు తీయండి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కట్టాం కాబట్టి అడగొచ్చు. సర్పంచి గారూ, వసూలైన ఆ 8 పైసలు పంచాయతీ నుంచి గ్రంథాలయ సంస్థకు చేరుతున్నాయా? ఇక్కడే జవాబు చెప్పమనడం లేదు. వచ్చే సభకు రసీదు తెండి, చాలు.

వెనక వరసలో పోటీ పరీక్షల పిల్లలున్నారు. సొంత పుస్తకాలు తెచ్చుకుని, ఫ్యానూ కుర్చీ కోసం వస్తారని పెద్దలు మిమ్మల్ని తిడతారు. నేను తిట్టను. రోజూ ఎనిమిది గంటలు ఈ గదిలో ఉండేది మీరే. రోజుకొకరు చొప్పున ఆ ట్రే సర్దండి, పదిహేను నిమిషాల పని. శనివారం శనివారం పదిహేను పుస్తకాలు తీసి, అట్టలు పైకి కనిపించేలా ఈ వార్తాపత్రికల బల్ల మీద పరచండి. వెన్ను చూసి పుస్తకం తీసేది చదివే అలవాటున్నవాళ్లు. లేనివాళ్లను అట్టమీది బొమ్మే పిలవాలి. వారం తర్వాత ఎవరూ ముట్టనివి మార్చేయండి, ముట్టినవి ఇంకో వారం ఉంచండి.

రెండో చీటీ వచ్చింది. సరే. ఆ మూడో బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది? సొరుగులో లేదా? గ్రంథపాలకుడు గారూ, మీరు కంగారు పడకండి. చెవి దొరక్కపోతే కప్పకి నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి చూద్దాం. కదలకపోతే కూడలిలో తాళాలు బాగుచేసే ఆయన ఉన్నాడు, ఆయన కూలి నేను ఇస్తాను. బాబూ, నీలం చొక్కా, నువ్వు వెళ్లి పిలుచుకురా. వందన సమర్పణ ఈలోగా కానివ్వండి.