ధర డాలర్లలో, చెల్లింపు వెన్నలో: రెండు వందల ఏళ్ల నాటి అమెరికా రైతు పద్దు

అందరికీ నమస్కారం. అమెరికా చరిత్ర అనగానే చాలామంది యుద్ధాల గురించీ అధ్యక్షుల గురించీ చెబుతారు. నాకు మాత్రం ఆ దేశపు పల్లెల్లోని దుకాణాల పద్దు పుస్తకాలంటే ప్రాణం. 1800 నుంచి 1830 దాకా అక్కడి రైతు ఎలా బతికాడో అవి చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు.

ఒక పేజీ ఊహించుకోండి. ఇది ఫలానా దుకాణం పేజీ కాదు, ఆ కాలపు పద్ధతి తెలియడానికి నేను తయారుచేసిన నమూనా. ఒకవైపు రైతు పట్టుకెళ్లిన సరుకు: అర పౌను టీ, ఒక గ్యాలన్ చెరకు మడ్డి, కాసిని మేకులు, రెండు కిటికీ అద్దాలు. రెండోవైపు అతను ఇచ్చినవి: పన్నెండు పౌన్ల వెన్న, రెండు బుషెళ్ల (బుషెల్ అంటే అక్కడి ధాన్యం కొలత) రై ధాన్యం, ఒక రోజు ఎడ్ల బండి తోలిన కూలి. ప్రతి దాని పక్కనా ధర వేసి ఉంటుంది. కానీ పేజీ మొత్తం మీద ఒక్క నాణెం కూడా చేతులు మారలేదు. ధర డబ్బులో, చెల్లింపు వస్తువులో. ఏడాదికోసారి, ఒక్కోసారి రెండు మూడేళ్లకోసారి ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకునేవాళ్లు. తేలిన బాకీని కొత్త పేజీకి ఎక్కించేవాళ్లు.

ఆ వెన్న ఎవరు చిలికారో గమనించండి. ఇంటావిడ. పద్దు భర్త పేరు మీద ఉంటుంది, కానీ టీ, గుడ్డ, సూదులు ఇంట్లోకి వచ్చింది ఎక్కువగా ఆవిడ వెన్న, గుడ్లు, నేసిన బట్టల మీదే.

నగదు ఎందుకు వాడలేదంటారా? లేదు గనక! 1792లోనే అమెరికా సొంత టంకశాల పెట్టుకుంది. అయినా జనం చేతుల్లో తిరిగింది ఎక్కువగా స్పెయిన్ వెండి డాలరే. 1857 దాకా అది అక్కడ చట్టబద్ధమైన నాణెం. పైగా చాలా పల్లెల్లో ఇంకా పాత బ్రిటిష్ లెక్క అయిన షిల్లింగుల్లోనే పద్దు రాసేవాళ్లు. న్యూయార్క్‌లో డాలరుకి ఎనిమిది షిల్లింగులు, పక్కనే ఉన్న న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాల్లో, ఆరు. నోట్లు సర్కారు కాదు, ఏ బ్యాంకుకి ఆ బ్యాంకే అచ్చేసుకునేది. ఊరు దాటి దూరం వెళ్లేకొద్దీ ఆ నోటుకి విలువ తగ్గేది.

ఇక అసలు చిక్కు దారి. 1816లో సెనేట్ కమిటీ ఒకటి లెక్క తేల్చింది: యూరప్ నుంచి సముద్రం మీద మూడు వేల మైళ్లు ఒక టన్ను సరుకు తేవడానికి సుమారు తొమ్మిది డాలర్లు. అదే తొమ్మిది డాలర్లకి నేల మీద ఆ టన్ను ముప్పై మైళ్లే కదులుతుంది. అంటే లోపలి ఊళ్లో గోధుమ పండించిన రైతుకి రేవులో ధర ఎంత ఉన్నా ఏం లాభం? బండి కిరాయే మింగేస్తుంది.

అందుకే బరువు తగ్గించి విలువ పెంచుకునే దారులు వెతికారు. పడమటి పెన్సిల్వేనియాలో ఒక గుర్రం కొండదారిలో నాలుగు బుషెళ్ల రై మోస్తుంది. ఆ ధాన్యాన్నే విస్కీగా కాచి పీపాల్లో పోస్తే, అదే గుర్రం ఇరవై నాలుగు బుషెళ్ల పంటని మోసినట్టు. 1791లో విస్కీ మీద పన్ను వేసినప్పుడు వాళ్లు తిరగబడింది తాగుడు కోసం అని కొట్టిపారేస్తే నాకు మనసొప్పదు. ఆ పన్ను నగదులో కట్టమన్నారు, వాళ్ల దగ్గర లేనిదే నగదు. 1794లో పదమూడు వేలమంది దాకా సైనికుల్ని వెంటేసుకుని అధ్యక్షుడు వాషింగ్టనే బయల్దేరాడు. చివరికి 1802లో ఆ పన్ను ఎత్తేశారు.

ఉత్తరాన అడవి కొట్టి పొలం చేసినవాళ్లకి మొదటి పంట బూడిదే. కాల్చిన దుంగల బూడిదని తొట్టిలో పోసి, నీళ్లు వడగట్టి, ఆ క్షారపు నీటిని ఇనప కడాయిలో ఇంకేదాకా మరిగిస్తే పొటాష్. సబ్బుకీ గాజుకీ బట్టలు తెల్లబరచడానికీ ఇంగ్లండ్‌లో దానికి మంచి గిరాకీ. బరువుతో పోలిస్తే ధర ఎక్కువ, కాబట్టి కిరాయి పోయినా మిగిలేది. కొత్తగా వచ్చిన కుటుంబానికి నగదు ముఖం చూపించింది చాలాచోట్ల ఇదే.

ఇప్పుడు 1815కి వద్దాం. ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ప్రభావంతో చలి పెరిగి, మరుసటేడు న్యూ ఇంగ్లండ్‌లో జూన్‌లో మంచు కురిసింది, మొక్కజొన్న మాడిపోయింది. యూరప్‌లోనూ పంటలు పోయాయి. దాంతో అమెరికా గోధుమపిండికి ధర లేచింది. ఆ ధర చూసి పడమర భూములకి ఎగబడ్డారు. సర్కారు అమ్మకం ఎకరా రెండు డాలర్లు, కొంత ముందు కట్టి మిగతాది నాలుగేళ్లలో. ఆ నేల చాలావరకు 1795 నాటి గ్రీన్‌విల్ ఒప్పందం లాంటి వాటితో, యుద్ధంలో ఓడిన ఆదివాసుల దగ్గర గుంజుకున్నదే. ఈ మాట చెప్పకుండా ఎకరా రెండు డాలర్లే అనడం నాకు ఇష్టం లేదు.

యూరప్‌లో పంటలు మళ్లీ కుదుటపడ్డాయి. 1819లో ధరలు కుప్పకూలాయి, బ్యాంకులు బాకీలు బిగించాయి. రైతుని దెబ్బతీసింది ధర పడిపోవడం ఒక్కటే కాదని నా గట్టి అభిప్రాయం. దుకాణంలో అప్పు ఆగుతుంది, రై ఇచ్చినా తీరుతుంది. భూమి అప్పు ఆగదు, వెన్న పుచ్చుకోదు. ఒకే రైతు రెండు లోకాల్లో అప్పులు చేశాడు. 1820లో కొత్త చట్టం ఎకరా ధరని డాలరుంపావుకి దించింది, ఎనభై ఎకరాలైనా కొనుక్కోవచ్చంది. కానీ మొత్తం సొమ్ము అక్కడికక్కడే నగదుగా కట్టాలి. వంద డాలర్లు! ధర తగ్గింది, నిజమే. వెన్న అమ్మి పద్దు నడిపే ఇంటికి ఆ వంద ఎక్కడిది?

1825లో పడమర ఈరీ సరస్సు నుంచి న్యూయార్క్ వైపు పడవల్లో సరుకు తెచ్చే ఈరీ కాలువ తెరిచారు. ఆ సరస్సు ఒడ్డునున్న బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్ను కిరాయి సుమారు వంద డాలర్ల నుంచి పదికి దిగింది. కాలువ మీదున్న రోచెస్టర్ ఊరి మిల్లులు పిండితో పొంగిపోయాయి. అదే పిండి చవగ్గా వచ్చిపడేసరికి న్యూ ఇంగ్లండ్ రాతినేలల మీద గోధుమ పండించేవాళ్లకి గిట్టుబాటు కాలేదు. గొర్రెలకీ పాడికీ మళ్లారు. వాళ్ల ఆడపిల్లలు మసాచుసెట్స్‌లోని లోవెల్ బట్టల మిల్లులకి వెళ్లారు. అక్కడ జీతం నగదులో ఇచ్చేవాళ్లు. కొందరు ఇంటికి పంపారు, చాలామంది తమ పేరు మీదే దాచుకున్నారు. ఇంట్లో చిలికిన వెన్న నాన్న పద్దులో జమయ్యేది, ఈ జీతం మాత్రం ఆ అమ్మాయి సొంతం.

ఆ మిల్లుల్లో వడికిన పత్తి దక్షిణాదిలో బానిసల చేత పండించింది. ఆ పత్తి తోటల యజమానుల లెక్కల పుస్తకాల్లో మనుషుల పక్కన కూడా ధరలు వేసి ఉంటాయి. వచ్చే వీడియోలో వాటినే తెరుద్దాం.