శాలువా ఒక్కటే తెచ్చిండ్రు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల కూసున్న అక్కచెల్లెళ్లకు దండాలు. పేరుపేరునా చెప్పాలె గానీ ఇప్పటికే గంట లేటయింది, మైకు పిల్లగాడు గడియారం దిక్కు చూస్తుండు.

నన్ను బ్యాంజో గురించి మాట్లాడమన్నరు. మన పాలమూరుల బెంజో అంటే టైపు మిషన్ తీరు మీటలుండే బుల్‌బుల్ తరంగ్. 1912ల జపాన్‌ల పుట్టిన తైషోగోటో దానికి మూలం. నాది వేరే. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకపోయిన మనుషులు సముద్రం అవుతల సొరకాయ బుర్రకు తోలు కట్టి చేసుకున్నది. బుర్ర వాద్యం మనకేం కొత్త? దర్శనం మొగులయ్య కిన్నెర చూడలేదా మీరు?

సరే, అసలు ముచ్చట నాది గాదు. మూడో వరుసల తల వంచుకొని కూసున్న మా బావది. డబుల్ బేసు ఆయనది, పెద్ద ఫిడేలు తీరు, మనిషంత ఎత్తుంటది.

సికింద్రాబాద్‌ల పాతది కొని, బస్సు టాపు మీదేసి తెచ్చినం. తీగలు తెగుతయేమోనని నాలుగూ వదులు చెయ్యమన్నది నేనే. జడ్చర్లల దించి చూస్తే తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి పడిపోయింది, లోపల కట్టె ముక్కొకటి గడగడ దొర్లుతుంది. బొటనవేలంత లావుంటది. దానికి మేకు లేదు, జిగురు లేదు. తీగల బిగువే దాన్ని నిలవెడుతది. ఇటలీ వాళ్లు దాన్ని అనిమా అంటరట, ప్రాణం అని. బావ సైకిల్ పుల్ల వంచి, టార్చిలైటు నోట్ల పెట్టుకొని, బేసు మీది సందులకెల్లి మూడు రోజులు తిప్పలు వడి దాన్ని నిలవెట్టిండు. వడ్లగింజంత జరిగినా గొంతు మారుతది మరి!

బ్యాంజో చప్పుడు పుట్టంగనే సచ్చిపోతది. అందుకే మూడు వేళ్లతోని గలగల మీటుతనే ఉండాలె. అయిదో తీగ పొట్టిది, తంబూర సుతి లెక్క మోగుతనే ఉంటది. నేను ఎనిమిది మీటే లోపల బావ రెండే వాయిస్తడు. సా, పా. అంతే. డప్పు మీద సిటికెన పుల్ల నేను, సిర్ర ఆయన. సిర్ర లేకుంట దరువేడిది? చెప్పుండ్రి!

ఒక పెండ్లిల పైసలిచ్చేటాయన, "ఆ పెద్దదాని మీద రెండు దెబ్బలే గదా, ఆయనకు సగం చాలు" అన్నడు. నేను సప్పుడు చెయ్యలే. ఇన్నేండ్లయినా అది నన్ను పొడుస్తనే ఉంటది. బావ గూడ ఏమనలే. రెండో పాట నడుమ చేయి తీసిండు. నా బ్యాంజో రేకు డబ్బాల గులకరాళ్లు ఊపినట్టు వినవడ్డది. బంతిల తినేటోళ్లు తలకాయలెత్తి చూసిండ్రు.

ఇయ్యాల శాలువా ఒక్కటే తెచ్చిండ్రు. నేను కప్పుకోను. రా బావా, పైకి రా. బేసు వరండాల ఉంది, ఎవరన్న ఇద్దరు పోయి పట్టుకరాండ్రి. మెడ పట్టి గుంజకుండ్రి. తీగలు మాత్రం వదులు చెయ్యకుండ్రి.